తెల్లకార్డు నుంచి ఆరోగ్యశ్రీ దాకా: తెలుగునాట ఉచిత వైద్యానికి అర్హులను తేల్చిన తీరు

ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మీద వచ్చిన చర్చలో ఎక్కువ భాగం అది ఎన్ని శస్త్రచికిత్సలు చేయించింది, ఎంత ఖర్చు పెట్టింది, ఆ సొమ్ములో కార్పొరేట్ ఆసుపత్రులకు చేరినదెంత అన్న ప్రశ్నల చుట్టూ తిరిగింది. వాటన్నిటికన్నా ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ప్రభుత్వ ఖర్చుతో వైద్యం చేయించుకోవడానికి అర్హులెవరో ఎవరు, ఏ కొలతతో, ఏ కాగితం చూసి తేల్చారన్న ఆ ప్రశ్నకు జవాబు వైద్యశాఖ దస్త్రాల్లో కన్నా పౌరసరఫరాల శాఖ దస్త్రాల్లో, అంటే కిలో బియ్యం చరిత్రలో, ఎక్కువగా దొరుకుతుంది. గుండె ఆపరేషన్‌కు అర్హత చౌకధరల దుకాణంలో తేలడం మొదటి చూపుకు వింతగా కనిపించవచ్చు గాని, ఆ రెండింటినీ కలిపిన పరిణామాలను వరుసగా పరిశీలిస్తే అది ఆ కాలపు పాలకులకు చేతికందిన దాదాపు ఏకైక మార్గమని అర్థమవుతుంది.

సర్కారు సాయం కోరి వచ్చిన మనిషి నిజంగా నిరుపేదేనా అని పరీక్షించే ఆచారం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1876-78 నాటి కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడినప్పుడు కలకత్తా ప్రభుత్వం తన ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, మద్రాసు అధికారులు సాయాన్ని మరీ ధారాళంగా పంచుతున్నారని భావించి, పనికి వచ్చినవారికి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి పైకానికీ కుదించాడు. ఇంటికి దూరంగా ఉన్న శిబిరానికి నడిచి వెళ్లి, రాళ్లు కొట్టి, అంత తక్కువ కూలికి ఒప్పుకున్నవాడే నిజమైన ఆకలిగొన్నవాడన్నది ఆ విధానం వెనుక ఉన్న తర్కం. కరువు సంఘం 1880లో ఇచ్చిన నివేదిక, దాని ఆధారంగా తయారైన కరువు నియమావళులు ఈ పరీక్షలోని క్రూరత్వాన్ని కొంత తగ్గించినా సూత్రాన్ని నిలుపుకొన్నాయి. పని చేయలేని వృద్ధులకు, రోగులకు మాత్రం గ్రామాధికారులు తయారుచేసిన జాబితాల ద్వారా ఉచిత సాయం అందేది. కష్టాన్ని పరీక్షగా పెట్టడం, జాబితాను పరీక్షగా పెట్టడం అన్న ఈ రెండు పద్ధతుల్లో రెండోదే తరువాతి శతాబ్దంలో గెలిచింది.

వైద్యం విషయంలో చాలాకాలం ఏ జాబితా అవసరం లేకపోయింది. తెలుగువారు ధర్మాసుపత్రి అని, పెద్దాసుపత్రి అని పిలుచుకున్న ప్రభుత్వ వైద్యశాలలో ఓపీ చీటీ రాసే గుమాస్తా రోగి ఆదాయాన్ని తేల్చేవాడు కాదు. వరుసలో గంటల తరబడి నిలబడటానికి, వరండాలో పడుకోవడానికి, దొరికిన మందుతో సరిపెట్టుకోవడానికి సిద్ధపడటమే అక్కడ పరీక్షగా పనిచేసేది. స్తోమత ఉన్నవారు తమంతట తామే ప్రైవేటు వైద్యుని దగ్గరకు వెళ్లిపోయేవారు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన ఆరోగ్య సర్వే, అభివృద్ధి సంఘం 1946లో సమర్పించిన నివేదిక డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రాన్ని ముందుపెట్టింది. అంతలోనే 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం దీనికి భిన్నమైన దారి తొక్కి, నెలకు 400 రూపాయలకు మించని వేతనం గల కర్మాగార కార్మికులకు మాత్రమే వర్తించింది. ఇఎస్‌ఐ పేరుతో ప్రసిద్ధమైన ఈ ఏర్పాటులో అర్హత తేల్చడం తేలిక, ఎందుకంటే వేతన పట్టీ యజమాని దగ్గరే ఉంటుంది. 2017 నుంచి ఆ పరిమితి 21,000 రూపాయలు. అయితే వేతన పట్టీ అన్న వస్తువే లేని వ్యవసాయ కూలీ, కౌలు రైతు, తోపుడు బండి వ్యాపారి, తాపీ మేస్త్రీ ఆదాయాన్ని ఎలా తెలుసుకోవాలన్న చిక్కు ఆ చట్టం పరిధికి బయటే మిగిలిపోయింది, తెలుగునాట జనాభాలో అత్యధికులు వారే.

వారి పేదరికాన్ని లెక్కగట్టే ప్రయత్నం ఢిల్లీలో వేరే దారిన సాగింది. ప్రణాళికా సంఘం పూనికతో 1962లో ఒక నిపుణుల బృందం 1960-61 ధరల ప్రకారం తలకు నెలకు 20 రూపాయలు కనీస వినియోగ వ్యయంగా నిర్ణయించింది. ఆ 20 రూపాయల్లో వైద్యానికి, చదువుకు అయ్యే ఖర్చును చేర్చలేదు. వాటిని ప్రభుత్వమే సమకూరుస్తుందన్న నమ్మకంతో వాటిని కావాలనే పక్కన పెట్టారు. 1979లో మరో బృందం ఆహారపు కేలరీలను, అంటే గ్రామంలో రోజుకు 2,400, పట్టణంలో 2,100 కేలరీలను, ఆధారంగా తీసుకొని గీతను మళ్లీ గీసింది. ఆ వ్యయస్థాయిలో ఉన్నవారు వైద్యానికి పెట్టే ఖర్చు అందులో యాదృచ్ఛికంగా చేరిందే తప్ప, ఒక కుటుంబానికి వైద్యం కోసం ఎంత కావాలన్న ప్రశ్నను ఎవరూ వేసుకోలేదు. సురేశ్ తెందూల్కర్ సంఘం 2009లో ఆ ప్రశ్నను నేరుగా చేపట్టే వరకు పరిస్థితి ఇదే. వైద్యపు ఖర్చును చూడని కొలతే తరువాతి కాలంలో ఉచిత వైద్యానికి అర్హులెవరో చెప్పే పదజాలాన్ని, దారిద్ర్యరేఖ దిగువన ఉన్న కుటుంబమనే హోదాను సమకూర్చిందన్నది ఈ చరిత్రలో తరచుగా మరుగున పడిపోయే విషయం.

రేషన్ కార్డు కూడా పుట్టుకతో పేదల కార్డు కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు రాష్ట్రంలోని పట్టణాల్లో వచ్చిన రేషనింగ్ ధాన్యపు కొరతను అందరికీ పంచే ఉపాయం. కలెక్టరు ఇంటికీ కార్డు ఉండేది, బంట్రోతు ఇంటికీ ఉండేది. దానికి ఆదాయపు గీత గట్టిగా పడింది 1983లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టినప్పుడు. ఏడాదికి 6,000 రూపాయలకు మించని ఆదాయం గల కుటుంబాలకు ఆ ధరకు బియ్యం దక్కే ఏర్పాటు అప్పుడు జరిగింది, వారికి ఆకుపచ్చ కార్డులు అందాయి. ఆదాయం ఎంతో చెప్పుకోవలసింది కుటుంబమే, దాన్ని ధ్రువీకరించవలసింది స్థానిక రెవెన్యూ సిబ్బంది. ఈ ధ్రువీకరణ జరగవలసిన రోజుల్లోనే గ్రామీణ పాలనలో మరో పెద్ద మార్పు వచ్చింది. 1984 జనవరిలో మునసబు, కరణం వ్యవస్థ రద్దయింది; మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఎవరికెన్ని ఎకరాలున్నాయో, ఎవరింట ఎన్ని బస్తాలు దిగుతాయో తరతరాలుగా తెలిసిన కరణం, ఆ తెలివిని ఎంత పక్షపాతంతో వాడుకున్నాడన్నది వేరే సంగతి గాని, ఒక్కసారిగా తెరచాటుకు పోయాడు, అతని స్థానంలో ఆదాయ ధ్రువపత్రం మీద సంతకం పెట్టే అధికారం ఇరవై ముప్పై గ్రామాలకు ఒక్కడైన మండల రెవెన్యూ అధికారికి, ఎమ్మార్వోకు, దక్కింది. ఆ అధికారికి ప్రతి ఇంటి సంపాదనా తెలిసే అవకాశం లేదు. కార్డు అడిగినవాడికి లేదని చెప్పడానికి తగిన ఆధారమూ లేదు, చెబితే వచ్చే రాజకీయ ఒత్తిడిని తట్టుకొనే బలమూ లేదు. ఇలా కార్డులు పెరగడం ఏ ఒక్క పార్టీ చేసిన పనీ కాదు. ఆదాయపు లెక్కలు రాసుకొనే అలవాటు లేని సమాజంలో ఆదాయ పరిమితి పెట్టిన ప్రతి ప్రభుత్వమూ ఎదుర్కొన్న పరిస్థితి అది.

కేంద్ర ప్రభుత్వం 1997 జూన్‌లో లక్షిత ప్రజాపంపిణీ వ్యవస్థను, అంటే పేదలకొక ధర, ఇతరులకొక ధర ఉండే పద్ధతిని, తెచ్చిన తరువాత రాష్ట్రంలో పేదలకు తెల్లకార్డు, మిగిలినవారికి గులాబీ కార్డు అన్న విభజన స్థిరపడింది. ఇక్కడి నుంచి రెండు లెక్కలు సమాంతరంగా నడిచాయి. ఆహారధాన్యాల కేటాయింపు కోసం కేంద్రం గుర్తించిన పేద కుటుంబాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 40.63 లక్షలు, రాష్ట్రం తన ఖర్చుతో తెల్లకార్డులిచ్చిన కుటుంబాలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. 2004-05లో ప్రణాళికా సంఘం పాత పద్ధతిలో ఆంధ్రప్రదేశ్‌కు వేసిన దారిద్ర్యరేఖ గ్రామాల్లో తలకు నెలకు సుమారు 293 రూపాయలు, పట్టణాల్లో 543 రూపాయలు. ఐదుగురున్న కుటుంబానికి ఏడాదికి లెక్కిస్తే అది గ్రామంలో దాదాపు 17,600, పట్టణంలో దాదాపు 32,600 రూపాయలవుతుంది. తెల్లకార్డు కోసం రాష్ట్ర ప్రభుత్వం 2008లో పెట్టిన పరిమితి గ్రామాల్లో 60,000, పట్టణాల్లో 75,000. ఒకటి వినియోగ వ్యయం, మరొకటి ఆదాయం కాబట్టి, సంవత్సరాలూ వేరు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచడంలో జాగ్రత్త అవసరమే గాని, తేడా అంతటితో మాసిపోయేది కాదు. ఢిల్లీ లెక్కలో రాష్ట్ర జనాభాలో పేదలు 15.8 శాతం, తెందూల్కర్ సవరించిన లెక్కలో దాదాపు 30 శాతం. తెల్లకార్డు లెక్కలో నూటికి ఎనభై మందికి పైనే.

ఈ కార్డు వైద్యంతో ముడిపడటానికి కారణం ఆసుపత్రుల్లో వచ్చిన మార్పు. 1988లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి తెరుచుకొన్నాక రెండు దశాబ్దాల్లో గుండె, మెదడు, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి ఖరీదైన చికిత్సలకు ప్రైవేటు ఆసుపత్రులే ప్రధాన స్థానాలయ్యాయి. ధర్మాసుపత్రిలో ప్రభుత్వమే వైద్యుణ్ణి పెట్టి వైద్యం చేయించినంతకాలం వచ్చినవాడెవడని అడగకపోయినా ఫరవాలేదు. ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఒక్కో చికిత్సకు ధర కట్టి ప్రభుత్వం వైద్యాన్ని కొనవలసి వచ్చినప్పుడు మాత్రం ఎవరికోసం కొంటున్నదో ముందే తేల్చుకోక తప్పదు. మొదట్లో ఆ పని ముఖ్యమంత్రి సహాయ నిధి ద్వారా ఒక్కొక్క రోగికీ విడివిడిగా జరిగింది. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, తెల్లకార్డు నకలు లేదా ఎమ్మార్వో ఆదాయ ధ్రువపత్రం, శాసనసభ్యుని సిఫారసు లేఖ జతచేసి సచివాలయం చుట్టూ తిరిగితే డబ్బు మంజూరయ్యేది. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఈ విధంగా సుమారు 55 వేల మందికి 168 కోట్ల రూపాయలు అందాయి, అంటే సగటున ఒక్కొక్కరికి 30 వేలు. అర్హతను ఇక్కడ తేల్చింది పేదరికం కన్నా పలుకుబడి అనడం అతిశయోక్తి కాదు. శాసనసభ్యుని ఇంటిదాకా వెళ్లగలిగినవాడు, హైదరాబాద్‌లో పది రోజులు ఉండగలిగినవాడు సాయం పొందాడు. రాయలసీమలోనో ఉత్తరాంధ్ర కొండల్లోనో ఆ దారి తెలియని రోగి అసలు లెక్కలోకే రాలేదు.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ ఒక్కొక్కరి మంజూరు పద్ధతిని మార్చి హక్కుతో కూడిన పథకంగా చేయాలనుకున్నప్పుడు, కొత్తగా ఇంటింటి సర్వే చేసి పేదలను గుర్తించడానికి వ్యవధి లేదు, అందుకు తగిన యంత్రాంగమూ లేదు. పౌరసరఫరాల శాఖ దగ్గర మాత్రం కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు, ఛాయాచిత్రంతో కూడిన సమాచార నిధి సిద్ధంగా ఉంది. ఒకే మనిషికి రెండు కార్డులుండకుండా 2005 నుంచి కంటిపాప ముద్రలు తీసుకొనే పని కూడా నడుస్తోంది. పథకాన్ని నడపడానికి ఏర్పడిన ఆరోగ్యశ్రీ ట్రస్టు ఆ సమాచార నిధిని యథాతథంగా స్వీకరించింది. పథకం మొదట స్టార్ హెల్త్ అనే బీమా సంస్థ ద్వారా నడిచి, 2008 జూలై 17 నాటికి ట్రస్టు నేరుగా భరించే చికిత్సలను కూడా చేర్చుకొని, 23 జిల్లాలకూ విస్తరించింది. ఒక్కో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే అదనంగా మరో 50 వేల రూపాయల వరకు ఖర్చును ప్రభుత్వం భరించేది. అర్హులైన కుటుంబాలు రెండు కోట్లకు పైగా తేలాయి. 2011 జనగణనలో రాష్ట్రంలోని మొత్తం కుటుంబాలు సుమారు 2 కోట్ల 10 లక్షలన్నది గుర్తుంచుకుంటే, పేదల పథకంగా ప్రకటితమైనది ఆచరణలో ఎంత విశాలమైనదో తెలుస్తుంది. తమిళనాడు 2009లో ఇటువంటి పథకాన్ని మొదలుపెట్టినప్పుడు కార్డు రంగును పట్టించుకోకుండా ఏడాదికి 72,000 రూపాయల ఆదాయ పరిమితిని నేరుగా పెట్టింది. కర్ణాటక మాత్రం ఆంధ్ర పద్ధతిలోనే కార్డును నమ్ముకొంది.

పథకం రోజువారీ నడకలో అర్హత తేల్చే మనిషి ఆరోగ్యమిత్ర. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను, పథకంలో చేరిన ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలోను కూర్చొనే ఈ ఉద్యోగి రోగి కార్డు సంఖ్యను కంప్యూటరులో చూసి, ఛాయాచిత్రంతో మనిషిని పోల్చి, పేరు సరిపోతే వివరాలు నమోదు చేసేవాడు. ఆ తరువాతే వైద్యులు పంపిన పరీక్ష ఫలితాలు ట్రస్టుకు చేరి చికిత్సకు ముందస్తు అనుమతి వచ్చేది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం, ఇఎస్‌ఐ, రైల్వే, ఆర్టీసీ వంటి వేరే ఏర్పాట్ల కింద ఉన్నవారికి ఈ పథకం వర్తించేది కాదు. డబ్ల్యుఏపీ అక్షరాలతో మొదలయ్యే తెల్లకార్డు సంఖ్యతో పాటు, టీఏపీ అక్షరాలున్న తాత్కాలిక కార్డులు, రచ్చబండ సభల్లో పంచిన కూపన్లు కూడా కాలక్రమంలో చెల్లుబాటయ్యాయి. కార్డు ఒకటే అయినా దాన్ని చూసే చోటు మారేసరికి కొత్త చిక్కులు పుట్టాయి. బియ్యం తెచ్చుకోవడానికి ఇంట్లో ఒక్కరి పేరున్నా పని జరుగుతుంది, వైద్యానికి మాత్రం రోగి పేరే ఉండాలి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవచ్చు. వేరుపడిన అన్నదమ్ములు ఒకే కార్డు మీద ఉంటే ఏడాది పరిమితి అంతా అన్న ఆపరేషన్‌కే ఖర్చయిపోవచ్చు. కుటుంబమంటే ఒక పొయ్యి మీద వండుకొనేవారన్న రేషన్ లెక్క బియ్యానికి సరిపోయింది గాని, రోగానికి అంత చక్కగా సరిపోలేదు.

అంతకన్నా లోతైన ఇబ్బంది కాలానికి సంబంధించినది. కార్డు కుటుంబం స్థితిని ఎప్పుడో ఒకనాడు కొలిచి స్థిరపరుస్తుంది, జబ్బు ఆ స్థితిని ఒక్క నెలలో తలకిందులు చేస్తుంది. నాలుగెకరాల మాగాణి ఉన్న రైతు, చిన్న ప్రైవేటు కంపెనీలో గుమాస్తా, పాఠశాల నడుపుకొనే ఉపాధ్యాయుడు గులాబీ కార్డుతో మొదలై, ఇంట్లో ఒక్క క్యాన్సర్ కేసుతో పొలమో ఇల్లో అమ్ముకొని, తెల్లకార్డు కుటుంబం కన్నా కిందికి దిగడం సాధ్యమే. ముందుగా కొలిచి పెట్టిన అర్హతకు ఇది కనిపించదు. ఈ ఖాళీని పూడ్చడానికి ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయం నుంచి లేఖ తెచ్చుకొనే వెసులుబాటును పథకంలోనే ఉంచారు. అంటే సిఫారసు పద్ధతిని తొలగించడానికి వచ్చిన పథకం ఆ పద్ధతికి ఒక పక్క తలుపును తెరిచే ఉంచవలసి వచ్చింది. ఈ పరిస్థితిలో తెల్లకార్డు అంత విస్తారంగా పంచబడటం లోపమే అయినా ఆ లోపం చాలా కుటుంబాలను కాపాడింది. నూటికి పదిహేను మందికే కార్డులుండి ఉంటే పాలనాదృష్టితో పథకం ముచ్చటగా ఉండేది. వైద్యపు అప్పుల్లో మునిగే మధ్యస్థ కుటుంబాల్లో అత్యధిక భాగం బయటే ఉండిపోయేది. అనర్హులకు కార్డులందాయన్న విమర్శ చేసినవారు బియ్యం సంగతిలో సమంజసమైన మాటే అన్నారు, అదే మాటను వైద్యానికి అన్వయించినప్పుడు మాత్రం అది అంత బలంగా నిలబడదు. అక్కరలేని కుటుంబం రాయితీ బియ్యాన్ని అమ్ముకోగలదు. అక్కరలేని మనిషి గుండె ఆపరేషన్ చేయించుకోడు.

ఢిల్లీ ఈ కాలమంతటా వేరే రకపు జాబితాలతో ప్రయోగాలు చేసింది. గ్రామీణ ప్రాంతాల్లో 1992లో ఆదాయం ఆధారంగా, 1997లో వినియోగం ఆధారంగా, 2002లో 13 సూచికలకు మార్కులు వేసే పద్ధతిలో పేద కుటుంబాలను లెక్కించారు. ఈ మూడో లెక్కలో భూమి, ఇంటి రకం, అప్పు, వలస వంటి వాటితో పాటు ఇంట్లో ఒక్కొక్కరికి ఎన్ని బట్టలున్నాయన్నదీ ఒక సూచిక. ఇంట్లో దీర్ఘరోగి ఉన్నాడా అన్నది ఆ పదమూడింటిలో చోటు చేసుకోలేదు. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణన మార్కుల పద్ధతిని వదిలి లేమిని గుర్తించే ఏడు ప్రమాణాలను పెట్టింది: పచ్చి గోడల ఒంటిగది ఇల్లు, పనిచేసే వయసు పెద్దలెవరూ లేకపోవడం, వికలాంగ సభ్యుడుండి శరీరశక్తి గల పెద్దవారు లేకపోవడం, భూమిలేని కూలి బతుకు వంటివి. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం వీటిలో అక్షరాస్యతకు చెందిన ప్రమాణాన్ని వదిలి, పట్టణాల్లో చెత్త ఏరేవారు, ఇంటి పనివారు, వీధి వ్యాపారులు వంటి 11 వృత్తివర్గాలను చేర్చుకొని, దేశంలో 10.74 కోట్ల కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యాన్ని ప్రకటించింది. ఎవరూ దరఖాస్తు పెట్టనక్కరలేదన్నది దాని గొప్ప, 2011లో గణకుడు ఇంటికి వచ్చిన రోజున ఉన్న స్థితే ఏళ్ల తరబడి నిర్ణాయకం కావడం దాని బలహీనత. తెలంగాణలో ఆ జాబితా ప్రకారం అర్హులు సుమారు 26 లక్షల కుటుంబాలు, ఆరోగ్యశ్రీ కింద అర్హులు అంతకు రెండున్నర రెట్లకు పైనే. 2021లో తెలంగాణ ఆ పథకంలో చేరినప్పటికీ తన పాత జాబితాను వదులుకోకపోవడానికి ఈ తేడాయే కారణం.

రాష్ట్రం విడిపోయిన తరువాత రెండు ప్రభుత్వాలూ ఒకే వారసత్వం నుంచి వేర్వేరు దారుల్లో నడిచాయి. తెలంగాణ 2014 చివరలో తెల్లకాగితం మీద దరఖాస్తులు తీసుకొని ఆహారభద్రత కార్డులిచ్చింది. ఆదాయ పరిమితిని గ్రామాల్లో లక్షన్నరకు, పట్టణాల్లో రెండు లక్షలకు పెంచి, మాగాణి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాల హద్దు పెట్టింది. వైద్యం ఆ కార్డు వెంటే నడిచింది. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగినప్పుడు కూడా ఎవరు అర్హులన్న ప్రశ్న జోలికి ప్రభుత్వం పోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన మార్పు మరింత ఆసక్తికరమైనది. 2019 చివరలో అక్కడి ప్రభుత్వం బియ్యాన్ని, వైద్యాన్ని కలిపి ఉంచిన ముడిని విప్పింది. బియ్యం కార్డుకు నెలకు ఆదాయం గ్రామంలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, నెలకు కరెంటు వాడకం 300 యూనిట్లు అన్న హద్దులు వచ్చాయి. టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవారుండకూడదు. అదే సమయంలో వేరుగా ఇచ్చిన ఆరోగ్యశ్రీ కార్డుకు ఏడాదికి 5 లక్షల రూపాయల ఆదాయం, మాగాణి 12 ఎకరాలు, మెట్ట 35 ఎకరాలు, సొంత కారు ఒకటి దాకా అనుమతి లభించింది. కార్డులు 1.4 కోట్లు దాటాయి. తినడానికి పేద కానివాడు వైద్యానికి పేద కావచ్చన్న గుర్తింపు తెలుగునాట ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఇంత స్పష్టంగా కనిపించింది అప్పుడే.

ఈ కొత్త హద్దుల్లో గమనించదగినది కొలత స్వభావం. 1983లో కుటుంబం చెప్పినదాన్ని ఎమ్మార్వో నమ్మడమో నమ్మకపోవడమో జరిగేది. 2019 నాటికి ఆ మాట అడిగే అవసరమే తగ్గిపోయింది. ఆధార్ సంఖ్య ఆధారంగా భూమి వివరాలను రెవెన్యూ రికార్డు, వాహనాన్ని రవాణా శాఖ, కరెంటును విద్యుత్ పంపిణీ సంస్థ, పన్నును ఆదాయపు పన్ను శాఖ, ఉద్యోగాన్ని ఖజానా చెప్పేస్తాయి. ఆరు అంచెల పరిశీలన అని పేరుపడిన ఈ పద్ధతి 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల కంప్యూటర్ల ద్వారా నడిచింది. కరణం పోయిన మూడున్నర దశాబ్దాలకు ఊరికి మళ్లీ ఒక లెక్కల కచేరీ వచ్చింది గాని, ఇప్పుడు లెక్క దాని దగ్గర లేదు, దూరంగా ఉన్న సర్వర్లలో ఉంది. పక్షపాతానికి తావు తగ్గిందనడంలో సందేహం లేదు. మరో రకం పొరపాటుకు మాత్రం తావు పెరిగింది: ఒకే మీటరు కింద అద్దెకున్న మూడు కుటుంబాల వాడకం ఒక్కరి పేరున కనిపించవచ్చు, అమ్మేసిన పొలం పాత పేరు మీదే మిగిలి ఉండవచ్చు. కరణం చేసిన అన్యాయాన్ని ఊరంతా ఎరిగి ఉండేది, అతని ఇంటిముందు అడిగే వీలుండేది. రికార్డు చేసిన పొరపాటు ఏ శాఖలో పుట్టిందో సచివాలయ ఉద్యోగికి కూడా చాలాసార్లు తెలియదు.

2023 డిసెంబరు 18న ఆంధ్రప్రదేశ్‌లో చికిత్స పరిమితి 25 లక్షల రూపాయలకు పెరిగింది. ప్రభుత్వాలు మారిన కొద్దీ పథకం పేరు ఆరోగ్యశ్రీ నుంచి ఎన్టీఆర్ వైద్యసేవకు, మళ్లీ ఆరోగ్యశ్రీకి, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవకు మారుతూ వచ్చింది గాని అర్హతను విస్తరించే దిశ మాత్రం మారలేదు. కేంద్రం కూడా 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో చేర్చుకొంది. అక్కడ ధ్రువీకరించవలసింది వయసు ఒక్కటే, దానికి ఆధార్ చాలు. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం రాష్ట్రంలోని కుటుంబాలన్నిటికీ ఆర్థిక స్థితితో పని లేకుండా రెండున్నర లక్షల రూపాయల వరకు బీమాను ప్రతిపాదించింది. ఆ మొత్తం దాటిన తరువాత 25 లక్షల దాకా ట్రస్టు భరించే భాగం మాత్రం పేద కుటుంబాలకే పరిమితం. కాబట్టి తహసీల్దారు కార్యాలయపు ఆదాయ ధ్రువపత్రం, భూమి రికార్డు, కరెంటు మీటరు ఇక ఆసుపత్రి గుమ్మం దగ్గర కాకుండా ఖర్చు రెండున్నర లక్షలు దాటే చోట, జబ్బు బాగా ముదిరిన రోగి విషయంలో, చూడవలసి వస్తుంది.